యూరప్‌లో రివర్ క్రూజ్: ఏ కంపెనీ ఎవరికి నప్పుతుంది

రివర్ క్రూజ్ కంపెనీల బ్రోచర్లు నాలుగు ముందేసుకుని కూర్చుంటే అరగంటలో తల తిరుగుతుంది. అన్నిట్లోనూ అదే కొండ మీద కోట, అవే ద్రాక్షతోటలు, అదే పొడుగాటి తెల్లటి నౌక. ధరల్లో మాత్రం ఒకదానికీ ఇంకొకదానికీ రెండింతల దాకా తేడా. నది ఒకటే, ఊళ్ళు అవే, రాత్రులూ ఏడే. మరి ఆ రెండో ఇంత దేనికి? ఇది తేలితే ఎంపిక దాదాపు అయిపోయినట్టే.

అమ్మానాన్నల్ని నేను రెండుసార్లు తీసుకెళ్ళాను, ఒకసారి రైన్ మీద, ఇంకోసారి డాన్యూబ్ మీద. రెండుసార్లూ బుక్ చేసే ముందు నెలల తరబడి పోల్చి చూశాను. ఇప్పుడు మా పిన్ని వాళ్ళు అడుగుతున్నారు, "ఏ కంపెనీ మంచిదే?" అని. ఆ ప్రశ్నకి నా దగ్గర ఒక్క జవాబు లేదు. ఎవరెవరు వెళ్తున్నారు, వాళ్ళు ఏం తింటారు, ఎంత నడవగలరు అన్నవి చెబితే మాత్రం కచ్చితంగా చెప్పగలను.

## నౌకలన్నీ ఒకేలా ఎందుకుంటాయి

రైన్ నదిని డాన్యూబ్‌తో కలిపే కాలువ 1992లో పూర్తయింది. జర్మనీలో బాంబెర్గ్ నుంచి కెల్‌హైమ్ దాకా 171 కిలోమీటర్లు, దారిలో 16 లాకులు. ధవళేశ్వరం దగ్గర లాకులు చూసినవాళ్ళకి సంగతి వెంటనే అర్థమవుతుంది: పడవ లోపలికి వస్తుంది, తలుపులు మూస్తారు, నీళ్ళు నింపుతారో వదులుతారో, పడవ అవతలి మట్టానికి చేరుతుంది. ఈ కాలువ లాకుల వెడల్పు 12 మీటర్లు. అందుకని ఆ దారిన వెళ్ళే నౌక ఏ కంపెనీదైనా 11.4 మీటర్ల దగ్గరే ఆగిపోవాలి. పొడవు 135 మీటర్లు దాటదు. పాత వంతెనల కింద నుంచి దూరాలి కాబట్టి ఎత్తు కూడా మూడు అంతస్తుల క్యాబిన్లు, పైన ఒక సన్ డెక్, అంతే.

అంటే ఎంత డబ్బున్న కంపెనీ అయినా అదే పెట్టెలో సర్దుకోవాల్సిందే. అందులో 190 మందిని ఎక్కిస్తారా, 130 మందినా? ఆ ఊరి గైడు టికెట్ ధరలోనే వస్తాడా, విడిగా బిల్లు వేస్తారా? నడవలేనివాళ్ళకి వేరే బృందం ఉందా? పిల్లల్ని రానిస్తారా? కంపెనీల మధ్య అసలు తేడా వీటిలోనే ఉంది. రెస్టారెంటు కుర్చీల ఫొటోలు చూసి ఎంచుకున్నవాళ్ళు తర్వాత బాధపడటం నేను చూశాను.

## కంపెనీ కంటే ముందు నది, నెల

మొదటిసారి వెళ్ళేవాళ్ళకి నేను డాన్యూబే చెబుతాను. జర్మనీలో పాసావ్ లేదా విల్స్‌హోఫెన్ నుంచి బుడాపెస్ట్ దాకా ఏడు రాత్రులు. మెల్క్ మఠం, వాఖావ్ లోయ, వియన్నా, బ్రాటిస్లావా, చివర్లో బుడాపెస్ట్. రాత్రి దీపాల్లో హంగరీ పార్లమెంటు భవనం ముందు నుంచి నౌక మెల్లగా సాగే ఆ ఇరవై నిమిషాల కోసమే ఈ దారి ఎంచుకోవచ్చు.

రైన్ దారి సాధారణంగా స్విట్జర్లాండ్‌లో బాసెల్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ దాకా. మధ్యలో స్ట్రాస్‌బర్గ్, రూడెస్‌హైమ్, కొలోన్. రూడెస్‌హైమ్ దాటాక కోబ్లెంజ్ వరకు 65 కిలోమీటర్ల మేర రెండు వైపులా కొండలు, కొండకో కోట. 2002లో యునెస్కో వారసత్వ జాబితాలోకి ఎక్కిన లోయ అది. పాపికొండల మధ్య లాంచీలో వెళ్ళినప్పుడు మాటలు వాటంతటవే ఆగిపోతాయే, అక్కడా అంతే.

పోర్చుగల్‌లో డౌరో మీద రాత్రిపూట నౌకలు నడపరు. కాబట్టి ప్రయాణమంతా పగలే, కొండవాలు ద్రాక్షతోటల మధ్య. జులై, ఆగస్టుల్లో ఎండ మన రాజమండ్రి ఎండని గుర్తుచేస్తుంది. ఫ్రాన్స్‌లో రోన్, సెన్ నదులున్నాయి కానీ అవి రెండో ప్రయాణానికి ఉంచుకోండి.

ఒక నిజం ముందే తెలిస్తే మంచిది. డాన్యూబ్, రైన్‌ల మీద నౌక ఎక్కువగా రాత్రి నడుస్తుంది, పగలు ఊళ్ళో ఆగి ఉంటుంది. డెక్ మీద కూర్చుని ఒడ్డు చూస్తూ వెళ్ళే గంటలు వారం మొత్తంలో తక్కువే. వాఖావ్ లోయ, రైన్ లోయ పగటిపూట దాటేలా ఉన్న ప్రయాణమేనా అని రోజువారీ కార్యక్రమం తెప్పించుకుని చూడండి.

ఇంకొకటి, ప్రయాణం పేరులో ఉన్న ఊరు నది మీద ఉందా లేదా. "ప్రాగ్ నుంచి బుడాపెస్ట్" అని పేరు పెడతారు. ప్రాగ్ ఉన్నది వల్తావా ఒడ్డున, ఆ నీళ్ళు ఎల్బ్‌లోకి పోతాయి. డాన్యూబ్ నౌక అక్కడికి వెళ్ళే దారే లేదు. ప్రాగ్‌లో హోటల్లో రెండు మూడు రాత్రులు, తర్వాత కొన్ని గంటలు బస్సు. సాల్జ్‌బర్గ్ కూడా పాసావ్ నుంచో లింజ్ నుంచో బస్సులో వెళ్ళి రావాల్సిందే. అందులో తప్పేం లేదు, కానీ పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు ఆ బస్సు గంటలు కూడా లెక్కలోకి రావాలి.

ఇక నీళ్ళు. 2022 ఆగస్టులో మేం రైన్ మీద ఉన్నాం. ఆ వేసవిలో కౌబ్ అనే ఊరి దగ్గర నీటిమట్టం గేజీ మీద 40 సెంటీమీటర్ల కిందికి పడిపోయింది. (గేజీ అంకె నది మొత్తం లోతు కాదు, నౌకలు వెళ్ళే దారిలో లోతు అంతకంటే ఎక్కువే ఉంటుంది. అయినా ఆ అంకె చాలా తక్కువ.) మా నౌక ముందుకు వెళ్ళలేనంది. పెట్టెలు సర్దుకుని బస్సెక్కి, అవతల ఉన్న అదే కంపెనీ ఇంకో నౌకలోకి మారాం. నాన్నగారు ఏ కోటల కోసం ఏడాది ఎదురుచూశారో ఆ కోటలని బస్సు కిటికీలోంచి చూశారు. కంపెనీ వాళ్ళు తర్వాతి ప్రయాణానికి కొంత తగ్గింపు ఇచ్చారు, అంతే. ఒప్పందంలో ఆ హక్కు వాళ్ళకి ఉందని అప్పుడు చదివాను, ముందు చదవాల్సింది.

సాధారణంగా ఆగస్టు నుంచి అక్టోబరు మధ్య నీళ్ళు తగ్గే ప్రమాదం ఎక్కువ. 2018లో అయితే అక్టోబరులో ఇంకా దారుణం. వరద వస్తే ఇంకో చిక్కు: నీళ్ళు పెరిగి నౌక వంతెన కింద పట్టదు. 2013 జూన్‌లో డాన్యూబ్ పాసావ్ ఊరిని ముంచింది, 2024 సెప్టెంబరులో మళ్ళీ పొంగింది. డాన్యూబ్ మీద స్ట్రాబింగ్, విల్స్‌హోఫెన్ మధ్య భాగానికి ఆనకట్టలు లేవు, నీళ్ళు తగ్గినప్పుడు నౌకలు ముందు అక్కడే చిక్కుకుంటాయి. అందుకని ఎండాకాలం చివర వెళ్ళేవాళ్ళు పాసావ్ లేదా విల్స్‌హోఫెన్‌లో మొదలయ్యే ప్రయాణం తీసుకుంటే, ఆ ఒక్క చిక్కు తప్పుతుంది. నా వరకు మే నెలకే ఓటు. తులిప్ పూలు కావాలంటే ఏప్రిల్‌లో ఆమ్‌స్టర్‌డామ్ వైపు, క్రిస్మస్ బజార్లు కావాలంటే నవంబరు చివరి నుంచి.

## ధరలో ఏముంది, ఏం లేదు

టికెట్ ధర పక్కపక్కన పెట్టి చూడకండి. ఇంటికొచ్చాక ఎంత ఖర్చయిందో అది చూడండి. భోజనం, క్యాబిన్, కనీసం కొన్ని ఊరి నడకలు దాదాపు అందరిలోనూ ఉంటాయి. తేడా వచ్చేది టిప్పులు, మద్యం, అదనపు యాత్రలు, విమానాశ్రయం నుంచి నౌక దాకా కారు దగ్గర. టిప్పులు ధరలో లేని కంపెనీల్లో మనిషికి రోజుకి 15 నుంచి 20 యూరోలు ఇవ్వడం అక్కడి వాడుక.

ఉదాహరణకి ఒక లెక్క వేద్దాం. మొదటి కంపెనీ మనిషికి 3,000 యూరోలు అంటోంది, టిప్పులు విడిగా. రెండోది 4,200, అన్నీ కలిపి. మొదటిదానికి టిప్పులు ఏడు రోజులకి 140, డబ్బు కట్టి వెళ్ళే యాత్రలు రెండు అనుకుంటే 160. మొత్తం 3,300. ఇద్దరికి ఇంకా 1,800 యూరోల తేడా మిగిలింది. మందు తాగేవాళ్ళయితే రోజుకి ఐదు గ్లాసులు, గ్లాసు 9 యూరోల చొప్పున వారానికి 315 కలపండి. అప్పటికీ తేడా పూడదు. మన ఇళ్ళల్లో చాలామంది పెద్దవాళ్ళు చుక్క ముట్టరు. వాళ్ళ కోసం "అన్నీ కలిపిన" టికెట్ కొంటే తాగని మందుకి కూడా డబ్బు కట్టినట్టే. అలాంటి టికెట్ కొనాలంటే తక్కువ మంది, పెద్ద గది, మనిషి మనిషినీ పట్టించుకునే సేవ, ఈ మూడింటి కోసమే కొనాలి.

ఇంకో మెలిక: అదే కంపెనీ అమెరికాలో అమ్మే టికెట్‌లో టిప్పులు విడిగా ఉండి, ఇంగ్లండ్‌లో అమ్మే టికెట్‌లో కలిసి ఉండొచ్చు. డల్లాస్‌లో ఉన్న కొడుకు, హైదరాబాద్‌లో ఉన్న అమ్మానాన్న, లండన్‌లో ఉన్న కూతురు కలిసి వెళ్తుంటే మూడు చోట్లా ధర అడిగి చూడండి. భారతదేశంలో ఏజెంటు దగ్గర ప్యాకేజీ కొంటే టీసీఎస్ (ముందుగానే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు, అది రిటర్న్స్‌లో సర్దుబాటవుతుంది కానీ చేతిలో డబ్బు మాత్రం అప్పుడే కట్టాలి.

## శాకాహారం సంగతి

దీని గురించి బ్రోచర్లు ఒక్క వాక్యంతో సరిపెడతాయి, మనకి మాత్రం ఏడు రోజుల ప్రశ్న. అన్ని పెద్ద కంపెనీల్లోనూ రోజూ శాకాహార వంటకం ఒకటైనా ఉంటుంది. కాకపోతే అది పాస్తా, రిజోటో, చీజు, కాల్చిన కూరగాయల మధ్యే తిరుగుతుంది. సూపులో మాంసం ఉడికించిన నీళ్ళు ఉండొచ్చు, గుడ్డు ఎక్కడైనా ఉండొచ్చు. బుకింగ్ అప్పుడే రాతపూర్వకంగా "మాంసం, చేప, గుడ్డు, మాంసపు రసం వద్దు" అని విడివిడిగా రాయించండి. "వెజిటేరియన్" అన్న ఒక్క మాట చాలదు. నౌక ఎక్కిన మొదటి సాయంత్రం రెస్టారెంటు మేనేజర్‌ని కలిసి మళ్ళీ చెప్పండి. మా డాన్యూబ్ ప్రయాణంలో రెండో రోజు నుంచి వంటవాళ్ళు అమ్మ కోసం అన్నం, పప్పులాంటిది, ఘాటుగా ఒక కూర విడిగా పంపారు. అడిగితే చేస్తారు, అడగకపోతే సలాడే గతి.

ఇంటి నుంచి కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ గట్టిగా సీలు చేసి పట్టుకెళ్ళొచ్చు. నెయ్యి, పాలకోవా, ఇతర పాల పదార్థాలు, మాంసం పచ్చళ్ళు యూరోపియన్ యూనియన్‌లోకి రానివ్వరు. పచ్చి కరివేపాకు కూడా వద్దు, మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం అడుగుతారు. క్యాబిన్‌లో వండుకోనివ్వరు. కాఫీ మెషిన్ దగ్గర వేడినీళ్ళు దొరుకుతాయి, ఉప్మా మిక్స్‌కి అది చాలు.

## మోకాళ్ళు, మెట్లు, కిటికీలు

నౌకలో లిఫ్టు ఉంటుంది. కానీ చాలా నౌకల్లో అది అన్నిటికంటే కింది క్యాబిన్ల అంతస్తుకీ, పైన సన్ డెక్‌కీ పోదు. ఒడ్డున వీధులన్నీ గుండ్రాళ్ళు పరిచినవి. రేవులో నౌకలు ఎక్కువైతే ఒకదాని పక్కన ఒకటి కట్టేస్తారు. అప్పుడు మీరు పక్క నౌక లోపలి నుంచో, పై డెక్ మీదుగానో నడిచి ఒడ్డు ఎక్కాలి, మీ బాల్కనీలోంచి కనిపించేది పక్క నౌక గోడ. కాబట్టి బాల్కనీ కోసం అప్పు చేయనక్కర్లేదు. అయితే అన్నిటికంటే కింది అంతస్తు క్యాబిన్‌లో కిటికీ పైన, చిన్నగా, తెరవడానికి లేకుండా ఉంటుంది. పెద్దవాళ్ళకి ఆ గది వద్దు. మధ్య అంతస్తులో నిలువెత్తు అద్దం తలుపు తెరుచుకునే గది, దాన్నే ఫ్రెంచ్ బాల్కనీ అంటారు, నా దృష్టిలో సరైన మధ్యేమార్గం.

## ఇప్పుడు కంపెనీలు

వైకింగ్. 1997లో టోర్‌స్టైన్ హాగెన్ అనే నార్వే దేశస్థుడు మొదలుపెట్టాడు. ఇవాళ నదుల మీద 80కి పైగా నౌకలున్నాయి. యూరప్‌లో వాళ్ళ ప్రధాన నౌక "లాంగ్‌షిప్": 135 మీటర్లు, 190 మంది ప్రయాణికులు. 18 ఏళ్ళ లోపు వాళ్ళని ఎక్కించుకోరు, కాబట్టి మనవల్ని తీసుకెళ్దామనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. ప్రతి ఊళ్ళో ఒక యాత్ర ధరలోనే ఉంటుంది, అంతకంటే ఎక్కువ కావాలంటే కట్టాలి. మధ్యాహ్నం, రాత్రి భోజనాలతో బీరు, వైను ఇస్తారు. నౌకలో చరిత్ర, సంగీతం మీద ఉపన్యాసాలు, నిశ్శబ్దం, క్యాసినో లేదు. రిటైరైన టీచర్లకి, పుస్తకాలు చదివేవాళ్ళకి ఈ వాతావరణం నచ్చుతుంది. ఇంకో బలం, అంత పెద్ద బలగం ఉంది కాబట్టి నీళ్ళు తగ్గినప్పుడు అడ్డంకికి అవతల అదే రకం నౌక ఇంకోటి ఉండే అవకాశం ఎక్కువ. బలహీనత కూడా ఆ సంఖ్యే: 190 మంది ఒకేసారి ఒక చిన్న ఊళ్ళో దిగితే గుంపుగానే ఉంటుంది.

అమావాటర్‌వేస్. మొత్తంగా చూస్తే నా మనసు మొగ్గేది దీనివైపు. 2002లో మొదలైన కంపెనీ. ఒకే ఊరికి రెండు మూడు రకాల యాత్రలు ధరలోనే ఉంటాయి: మామూలుగా నడిచేవాళ్ళకి ఒకటి, మెల్లగా నడిచేవాళ్ళకి ఒకటి, సైకిల్ తొక్కేవాళ్ళకో కొండ ఎక్కేవాళ్ళకో ఇంకొకటి. మూడు తరాల కుటుంబానికి ఇంతకంటే ఏం కావాలి? అమ్మ మెల్లగా నడిచే బృందంతో వెళ్తుంది, మనం సైకిల్ మీద వాఖావ్ ద్రాక్షతోటల మధ్య తిరిగి వస్తాం, మధ్యాహ్నం భోజనానికి మళ్ళీ అందరం ఒకే బల్ల దగ్గర. సైకిళ్ళు నౌకలోనే ఉంటాయి. డిస్నీ వాళ్ళ పర్యటన సంస్థతో కలిసి పిల్లలున్న కుటుంబాల కోసం కొన్ని ప్రత్యేక ప్రయాణాలు కూడా నడుపుతున్నారు. 2019లో వచ్చిన "అమామాగ్నా" నౌక వెడల్పు 22 మీటర్లు, అంటే మామూలు నౌకకి దాదాపు రెండింతలు, అయినా ఎక్కేది 196 మందే. ఆ వెడల్పుతో 12 మీటర్ల కాలువ లాకులో దూరలేదు కనుక డాన్యూబ్ మీదే ఉంటుంది. ఇరుకు గదులంటే ఊపిరాడనివాళ్ళకి ఈ నౌక చెబుతాను. టిప్పులు విడిగా.

అవలాన్. గదిలో ఎక్కువసేపు గడిపేవాళ్ళది. వాళ్ళ "పనోరమా సూట్" 200 చదరపు అడుగులు, మంచం కిటికీ వైపు తిరిగి ఉంటుంది, గోడంత అద్దం తలుపు పక్కకి జరిగిపోతుంది. పడుకునే నదిని చూడొచ్చు. ఆపరేషన్ అయి కోలుకుంటున్నవాళ్ళకి, రోజూ యాత్రకి వెళ్ళలేనివాళ్ళకి ఈ ఒక్క ఏర్పాటు చాలా విలువైనది. ధర మధ్యస్థం.

యూనివరల్డ్. నౌకలో ప్రతి గదీ రాజుల కాలం నాటి అలంకరణలా ఉంటుంది. డాన్యూబ్ మీది "ఎస్.ఎస్. మరియా థెరిసా" లోపల అడుగుపెడితే పెళ్ళి మండపంలోకి వచ్చినట్టనిపిస్తుంది. కొందరికి అది ఎంతో ఇష్టం, కొందరికి మరీ ఎక్కువ. మద్యం, నౌకలో టిప్పులు ధరలోనే. వేసవిలో కుటుంబాల కోసం "జెనరేషన్స్" పేరుతో ప్రయాణాలున్నాయి. 25వ పెళ్ళిరోజు, షష్టిపూర్తి లాంటి సందర్భానికి వెళ్ళేవాళ్ళు ఇది చూడొచ్చు.

సీనిక్, ఎమరాల్డ్. రెండూ ఒకే ఆస్ట్రేలియా సంస్థవి. సీనిక్ పైస్థాయి: అన్ని గదులకీ బట్లర్ సేవ, మద్యం, టిప్పులు అన్నీ లోపలే, బ్యాటరీ సైకిళ్ళు. 2014లో వచ్చిన ఎమరాల్డ్ అంతకంటే బాగా చవక, కుర్రజంటలకి నచ్చుతుంది. నౌక వెనక భాగంలో వేడినీళ్ళ ఈత కొలను, రాత్రికి దాని మీద నేల పరిచి సినిమా హాలు చేసేస్తారు. నలభై ఏళ్ళ లోపువాళ్ళు ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఎమరాల్డ్.

టాక్. 1925 నాటి పర్యటన సంస్థ. 135 మీటర్ల నౌకలో 130 మందినే ఎక్కిస్తుంది, టిప్పులతో సహా అన్నీ ధరలోనే. ధర అందరికంటే పైన. "బ్రిడ్జెస్" పేరుతో పిల్లల ప్రయాణాలున్నాయి. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకి ఒక మంచి విషయం: అన్నిటికంటే చవక తరగతి గదికి ఒక్కరే వస్తే వాళ్ళు అదనపు రుసుము వేయరు. చాలాచోట్ల ఒక్కరికి దాదాపు ఇద్దరి ధర పడుతుంది.

క్రోయిజీయూరప్. 1976లో స్ట్రాస్‌బర్గ్‌లో మొదలైన ఫ్రెంచ్ కుటుంబ సంస్థ. ఈ పట్టికలో చవక అయినది ఇదే. గదులు చిన్నవి, అందరికీ ఒకే ఫ్రెంచ్ భోజనం, యాత్రలు చాలావాటిలో విడిగా కొనుక్కోవాలి. మాంసాహారులకి, నాలుగు భాషల్లో ప్రకటనలు విన్నా విసుగు రానివాళ్ళకి డబ్బు బాగా కలిసొస్తుంది. శాకాహారుల్ని ఇక్కడికి పంపడానికి నేను వెనకాడతాను.

ఎ-రోజా. జర్మన్ కంపెనీ. 2022లో వచ్చిన "సేనా" నౌక పిల్లల కోసం ఆలోచించి కట్టినది: కుటుంబ గదులు, పిల్లల కొలను, దాదాపు 280 మంది. రేవు దగ్గరికి వచ్చేటప్పుడు బ్యాటరీ మీద నడుస్తుంది. కొలోన్, ఆమ్‌స్టర్‌డామ్ వైపే తిరుగుతుంది కాబట్టి వెడల్పుగా కట్టగలిగారు. తోటి ప్రయాణికులు ఎక్కువమంది జర్మన్లు. జర్మనీలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకి ఇది ఎదురుగా ఉన్న మంచి అవకాశం.

| కంపెనీ | ధర స్థాయి | టిప్పులు | మద్యం | పిల్లలు | ఎవరికి |
|---|---|---|---|---|---|
| వైకింగ్ | మధ్య | ఎక్కువ చోట్ల విడిగా | భోజనంతో | 18 దాటాలి | చరిత్ర ఇష్టపడే పెద్ద జంటలు |
| అమావాటర్‌వేస్ | మధ్యకి కాస్త పైన | విడిగా | భోజనంతో, సాయంత్రం కాసేపు | వస్తారు | మూడు తరాలు కలిసి |
| అవలాన్ | మధ్య | విడిగా | భోజనంతో | పెద్ద పిల్లలు | గదిలోంచి నది చూసేవాళ్ళు |
| యూనివరల్డ్ | ఎక్కువ | ధరలోనే | ధరలోనే | కొన్ని ప్రయాణాల్లో | వేడుకలకి |
| సీనిక్ | ఎక్కువ | ధరలోనే | ధరలోనే | పెద్ద పిల్లలు | ఏదీ విడిగా కట్టడం ఇష్టం లేనివాళ్ళు |
| ఎమరాల్డ్ | మధ్య | అడిగి చూడాలి | భోజనంతో | పెద్ద పిల్లలు | కుర్రజంటలు |
| టాక్ | చాలా ఎక్కువ | ధరలోనే | ధరలోనే | బ్రిడ్జెస్‌లో | గుంపు పడనివాళ్ళు, ఒంటరివాళ్ళు |
| క్రోయిజీయూరప్ | తక్కువ | విడిగా | నౌకలో చాలావరకు | వస్తారు | ఖర్చు చూసుకునే మాంసాహారులు |
| ఎ-రోజా | తక్కువ నుంచి మధ్య | విడిగా | టికెట్ రకాన్ని బట్టి | వస్తారు | జర్మనీలో ఉన్న కుటుంబాలు |

## తేల్చుకోలేనివాళ్ళ కోసం

రిటైరైన అమ్మానాన్న ఇద్దరే వెళ్తున్నారా? వైకింగ్ కంటే అమావాటర్‌వేస్ వైపు మొగ్గండి, మెల్లగా నడిచే బృందం ఉందన్న ఒక్క కారణంతో. మెట్లు ఎక్కడంలో ఏ ఇబ్బందీ లేకపోతే, చరిత్ర మీద ఆసక్తి ఉంటే వైకింగ్ చాలు, తేడా డబ్బుతో వియన్నాలో ఇంకో రెండు రోజులు ఉండొచ్చు. ఇద్దరిలో ఒకరు చక్రాల కుర్చీ మీద ఆధారపడితే రివర్ క్రూజ్ ఏ కంపెనీదైనా కష్టమే. గట్టుకీ నౌకకీ మధ్య వేసే చిన్న వంతెన నీటిమట్టాన్ని బట్టి నిటారుగా కూడా ఉంటుంది.

పదేళ్ళ పిల్లలతో వెళ్తున్నవాళ్ళు ముందు పిల్లల్ని అడగండి. కోటలు, చర్చిలు మూడో రోజుకి వాళ్ళకి ఒకేలా కనిపిస్తాయి. సైకిళ్ళో, కొలనో, తోటి పిల్లలో ఉంటే తప్ప ఏడు రాత్రులు వాళ్ళకి ఎక్కువ. కాబట్టి కుటుంబాల ప్రత్యేక తేదీలే తీసుకోండి, మామూలు తేదీల్లో తోటివాళ్ళంతా అరవై దాటినవాళ్ళే ఉంటారు.

ఎనిమిది పది మంది బంధువులు కలిసి వెళ్తుంటే అందరికీ ఒకే తరగతి గదులు తీసుకోవాలన్న మొహమాటం వద్దు. భోజనం, యాత్రలు అందరికీ ఒకటే, నిద్రపోయే గది మాత్రమే వేరు. పెద్దవాళ్ళకి మధ్య అంతస్తు, కుర్రవాళ్ళకి కింది అంతస్తు. ఈ ఒక్క మార్పుతో మా బంధువుల బృందానికి చెప్పుకోదగ్గ డబ్బు మిగిలింది.

## వీసా, విమానం, తేదీలు

బాసెల్ నుంచి ఆమ్‌స్టర్‌డామ్ దాకా, పాసావ్ నుంచి బుడాపెస్ట్ దాకా ఉన్న దేశాలన్నీ షెంగెన్‌లోనే ఉన్నాయి, ఒక్క వీసా చాలు. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికి దరఖాస్తు చేయాలి, సమానమైతే మొదట దిగే దేశానికి. డాన్యూబ్ ప్రయాణంలో తరచు ఆ దేశం ఆస్ట్రియా అవుతుంది, మీ కార్యక్రమం పట్టుకుని రోజులు లెక్కపెట్టండి. బుడాపెస్ట్ దాటి బెల్‌గ్రేడ్ వైపు వెళ్ళే ప్రయాణమైతే సెర్బియా షెంగెన్‌లో లేదు. బయటికెళ్ళి మళ్ళీ లోపలికి రావాలి కనుక మల్టిపుల్ ఎంట్రీ వీసా కావాలి. ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, బీమా కనీసం 30,000 యూరోలకి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు. వేసవికి హైదరాబాద్‌లో అపాయింట్‌మెంట్లు త్వరగా అయిపోతాయి, ఆ ఆరో నెల మొదలవగానే కదలండి. అమెరికాలో హెచ్1బి మీద ఉన్నవాళ్ళు తిరిగి వెళ్ళడానికి తమ స్టాంపింగ్ తేదీ కూడా చూసుకోవాలి.

హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కీ ఆమ్‌స్టర్‌డామ్‌కీ నేరుగా విమానాలున్నాయి. రైన్ ప్రయాణాన్ని ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలుపెడితే పెద్దవాళ్ళకి మధ్యలో విమానం మారే బాధ తప్పుతుంది. నౌక ఎక్కే రోజు కంటే కనీసం ఒకరోజు ముందు చేరుకోండి. విమానం ఆలస్యమైతే నౌక ఆగదు, తర్వాతి ఊరికి మన ఖర్చుతో మనమే వెళ్ళి అందుకోవాలి.

పిన్ని వాళ్ళకి చివరికి ఏం చెప్పానంటే: ఇద్దరూ శాకాహారులు, బాబాయికి ఎడమ మోకాలి నొప్పి, మందు అలవాటు లేదు. మే నెల రెండో వారం, విల్స్‌హోఫెన్ నుంచి బుడాపెస్ట్, అమావాటర్‌వేస్‌లో మధ్య అంతస్తు ఫ్రెంచ్ బాల్కనీ గది. భోజనం సంగతి బుకింగ్ రోజే రాసి పంపించాం. కందిపొడి పిన్ని కొడుతోంది.